డేటాకో చెరువు, చెరువుకో నీరటి

ఏప్రిల్ రెండో వారం, మిట్టమధ్యాహ్నం. హన్మకొండ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మా కంప్యూటర్ సెంటర్ తలుపు తోసుకుని ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చాడు. చేతిలో కర్చీఫ్‌లో చుట్టిన చిన్న నల్ల డబ్బా, 4 టీబీ (నాలుగు వేల జీబీ) ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. "అన్నా, ఇది లేస్తలేదు, టక్ టక్ అంటున్నది" అన్నాడు. కేబుల్ పెట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. రెండుసార్లు టక్ టక్, సన్నగా ఒక గుర్రు, మళ్లీ టక్ టక్, ఆ తర్వాత ఏమీ లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఆ చప్పుడు వింటే కడుపులో తిప్పుతుంది. లోపల ప్లేటు మీది రాత చదవాల్సిన హెడ్ తన చోటు దొరక్క అటూ ఇటూ కొట్టుకుంటోందన్నమాట.

ఆ డిస్కులో ఏముందంటే, నర్సంపేట వైపు మిరప తోటల మీద రెండు సీజన్లు డ్రోన్ ఎగరేసి తీసిన ఫొటోలు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మన దగ్గర మిరప తోటల్ని ఎట్లా ఊడ్చేసిందో గుర్తుండే ఉంటుంది. ఆకు ముడుచుకోవడం రైతు కంటికి కనిపించేలోపే పైనుంచి తీసిన ఫొటోలో పట్టుకోవచ్చా అన్నది అతని పరిశోధన. ఇంకో కాపీ ఉందా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. ల్యాప్‌టాప్‌లో జాగా చాలక దీంట్లోకి మార్చి, అక్కడ డిలీట్ చేశాడట.

హైదరాబాద్‌లో రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పంపాం. సగానికి కొంచెం ఎక్కువ వచ్చింది, కానీ రెండో సీజన్ దాదాపు మొత్తం పోయింది. డిస్క్ పోతే ఇంకోటి కొనుక్కుంటాం, దాని ఖరీదెంత. కానీ ఆ అక్టోబర్‌లో ఆ చేను ఆ రోజు ఎట్లా ఉందో, ఆ మొక్క, ఆ పురుగు, ఆ వెలుతురు, అది మళ్లీ ఎవరు తెచ్చిస్తారు? అతను ఏడవలేదు, కుర్చీలో కూర్చుని ఆ కర్చీఫ్‌ను మడత పెడుతూ ఉన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. యూనివర్సిటీలో సర్వర్లు, నెట్‌వర్క్ చూసుకునేది నేనే, అతనికి ఆ డబ్బా తప్ప వేరే దారి చూపించలేదు కదా అని.

అందుకే ఇది రాస్తున్నాను. పరిశోధన చేసేవాళ్లందరికీ ఉమ్మడిగా డేటా పెట్టుకునే చోటు, దానికి తగిన వేగమైన నెట్‌వర్క్, ఈ రెండూ ఎట్లా ప్లాన్ చేయాలని ఈ ఐదారు నెలలుగా తిరుగుతున్నాను. మన దగ్గర ఇతర కాలేజీల్లో ఇదే పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని.

మొదట చేసింది ఏంటంటే, నోట్‌బుక్ పట్టుకుని డిపార్ట్‌మెంట్లన్నీ తిరగడం. మెయిల్ పెడితే ఎవరూ జవాబివ్వరు, ఇచ్చినా "ఒక 10 టీబీ కావాలి" అని అందాజుగా రాస్తారు. అందుకని కుర్చీలో కూర్చుని టీ తాగుతూ మూడే ప్రశ్నలు అడిగాను. మీ డేటా ఎక్కడ పుడుతుంది, ఎక్కడికి పోవాలి, ఎన్నేళ్లు ఉండాలి. ఎంత కావాలి అని మాత్రం అడగలేదు, పై మూడు తెలిస్తే ఆ లెక్క నేనే వేసుకోగలను.

జియాలజీ వాళ్లు యూరప్ సెంటినెల్ ఉపగ్రహాల డేటా దించుకుంటారు, ఉచితమే. అందులో ఈ పనికి వాడే రాడార్ రకానివి ఒక్కో సీన్ (ఒక ఫొటో లాంటిది) మామూలుగా నాలుగైదు జీబీ ఉంటాయి, సింగరేణి గనుల మీద నేల కుంగడం లాంటిది చూడాలంటే అలాంటివి పదుల కొద్దీ, ఒకదాని మీద ఒకటి పెట్టి పోల్చాలి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన, నాసా ఇస్రో కలిసి చేసిన నైసార్ రాడార్ ఉపగ్రహం రోజుకు దాదాపు 80 టీబీ డేటా ఇస్తుందని ఆ మిషన్ వాళ్లే చెబుతున్న లెక్క. మనం అందులో వేలెడంత ముక్కే తీసుకుంటాం, అయినా ఆ ముక్కకు ఇక్కడ జాగా కావాలి కదా. బయోటెక్ మేడం దగ్గర సీక్వెన్సింగ్ ఫైళ్లు, అంటే జీవుల జన్యు రాత (జీనోమ్) చదివినవి, మనిషి జీనోమ్ ఒకటి మామూలుగా చదివిస్తే వచ్చే ముడి ఫైళ్లే 100 జీబీ దాకా ఉంటాయి, పత్తి జీనోమ్ కూడా చిన్నదేమీ కాదు. తెలుగు శాఖలో ఒక సార్ ఊరూరా తిరిగి ఒగ్గు కథలు, చిందు భాగవతాలు రికార్డు చేసిన వీడియోలు బీరువాలో పెట్టారు, కొన్ని ఇంకా టేపుల మీదే ఉన్నాయి. ఆ కళాకారుల్లో కొందరు ఇప్పుడు లేరు. నా మటుకు నాకు ఆ బీరువా అన్నింటికంటే ముందు కాపాడాల్సింది, సైజులో చిన్నదే అయినా.

ఈ తిరుగుడులో తెలిసిన పెద్ద విషయం, మన దగ్గర డేటా లేక కాదు, అది బీరువాల్లో, డ్రాయర్లలో, స్కాలర్ల సంచుల్లో ఉంది. పీహెచ్‌డీ అయిపోగానే ఆ సంచి ఊరు దాటిపోతుంది.

సరే, అందరూ చెప్పే మాట ఒకటే, "ఒక పెద్ద స్టోరేజ్ బాక్స్ కొనేయండి సార్, 100 టీబీది." మార్చి ఎండింగ్‌లో డబ్బులు మిగిలితే అదే కొంటారు కూడా. నేను ఒప్పుకోలేదు. మా తాత పరకాల దగ్గర మా ఊరి చెరువుకు నీరటి, అంటే చెరువు చూసుకుంటూ పొలాలకు నీళ్లు పంచేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట కట్ట మీద నడిచేవాణ్ని. చెరువంటే ఊళ్లో అందరూ చూసేది నీళ్లు, తాత చూసేది మాత్రం తూము, కాలువ, మత్తడి. వాగు నీళ్లు చెరువులోకి వచ్చే దారి పూడిపోతే ఎంత పెద్ద కట్ట కట్టినా లాభం లేదనేవాడు. డేటా విషయంలోనూ నేను ముందు చూసింది కాలువనే.

లెక్క చూడండి. 1 టీబీ అంటే 8 లక్షల కోట్ల బిట్లు. సెకనుకు 100 మెగాబిట్ల లైన్ మీద ఆ ఒక్క టీబీ పోవడానికి ఏ అడ్డూ లేకుండా ఉన్నా 22 గంటలు దాటుతుంది. 1 గిగాబిట్ మీద 2 గంటల 13 నిమిషాలు. 10 గిగాబిట్ మీద 13 నిమిషాలు. ఇవి కాగితం మీది లెక్కలే, నిజంలో ఇంకా ఎక్కువే పడుతుంది. పది టీబీల పరిశోధన ఉన్న మనిషికి 100 మెగాబిట్ లైన్ ఇచ్చి సర్వర్లో పెట్టుకో అంటే తొమ్మిది రోజులు రాత్రింబవళ్లు కాపీ అవుతూనే ఉండాలి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. అప్పుడు అతను ఏం చేస్తాడు? డిస్క్ సంచిలో వేసుకుని నడుచుకుంటూ వస్తాడు. తప్పు అతనిది కాదు. (ఇక్కడ ఒక మాట, పర్చేజ్ కమిటీలో కూర్చున్నవాళ్లు బిట్టుకూ బైటుకూ తేడా పట్టించుకోరు. నెట్‌వర్క్ వేగం బిట్లలో చెబుతారు, ఫైల్ సైజు బైట్లలో, మధ్యలో ఎనిమిది రెట్ల తేడా ఉంది. 100 అన్నారు కదా, 100 జీబీ ఫైలు వెయ్యి సెకన్లలో పోవాలి అని ఒక మీటింగులో వాదించారు. ఓపికగా బోర్డు మీద రాసి చూపించాల్సి వచ్చింది.)

బయటికి పోయే లైన్ సంగతి అందరికీ తెలిసిందే. నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ అని కేంద్రం 2010 మార్చిలో 5,990 కోట్లతో ఆమోదించింది, కేంద్రానికి కంప్యూటర్ పనులు చూసే ఎన్ఐసీ నడుపుతోంది, దేశంలో పెద్ద విద్యాసంస్థలు, పరిశోధన సంస్థలు దాని మీద ఉన్నాయి. గేటు దాకా గిగాబిట్ వచ్చిన చోట కూడా ల్యాబ్ టేబుల్ దాకా అది రావడం లేదు. నేను చూసినంతలో రోగం క్యాంపస్ లోపలే ఉంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక ల్యాబ్‌లో "నెట్ స్లో" అని ఏడాదిగా కంప్లయింట్. ఐపెర్ఫ్3 అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది, రెండు కంప్యూటర్ల మధ్య అసలు వేగం ఎంతో కొలిచి చెబుతుంది, ఉచితం. అక్కడ కూర్చుని కొలిస్తే 94 మెగాబిట్లు వచ్చింది. ఎప్పుడు కొలిచినా అదే, ఒక అంకె అటూ ఇటూ. ఆ అంకె చూడగానే అర్థమైపోతుంది, దారిలో ఎక్కడో 100 మెగాబిట్ల పరికరం ఒకటి ఉందని. వైరు పట్టుకుని వెళ్లాను. గోడ వెంట, బీరువా వెనక, అక్కడ దుమ్ములో ఐదు పోర్టుల చిన్న స్విచ్ (ఒక నెట్ వైరును నాలుగైదు కంప్యూటర్లకు పంచే డబ్బా), మీద ప్రింటు చెరిగిపోయింది, పచ్చ లైటు మిణుకు మిణుకుమంటోంది. ఎప్పుడో ఒక ప్రింటర్ కోసం ఎవరో పెట్టి మరిచిపోయారు, ల్యాబ్ మొత్తం దాని గుండానే పోతోంది. దాన్ని తీసేసి గిగాబిట్ స్విచ్ పెడితే అదే సాయంత్రం 940 వచ్చింది. పదిరెట్లు! ఖర్చు రెండు వేల లోపు. స్టోరేజ్ బాక్స్ ముందు కొని ఉంటే, నిందంతా దాని మీద పడేది.

ఇది సులువుగా దొరికిన తప్పు. దొరకనిది ఇంకోటుంది, దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నెట్‌వర్క్ వాళ్లలో కూడా చాలామంది దీన్ని పట్టించుకోరు.

దూరం నుంచి పెద్ద ఫైలు తెచ్చుకునేటప్పుడు టీసీపీ, అంటే నెట్‌లో డేటా పంపే నియమం, దాని పద్ధతి ఏంటంటే, డేటాను ప్యాకెట్లనే చిన్న ముక్కలు చేసి, కొన్ని పంపి, అందాయని జవాబు వచ్చేదాకా చూసి, ఇంకొన్ని పంపడం. యూరప్‌కు వెళ్లి రావడానికి 150 మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. 1 గిగాబిట్ లైన్ నిండుగా పారాలంటే ఆ 150 మిల్లీసెకన్లలో దారిలో దాదాపు 19 ఎంబీ డేటా ఉండాలి. పాత సెట్టింగుల్లో ఉన్న కంప్యూటర్ 64 కేబీ పంపి ఆగిపోతే ఎంత పెద్ద లైన్ ఉన్నా వచ్చేది మూడున్నర మెగాబిట్లే. కాలువ వెడల్పుగా ఉంది, తూము మాత్రం బొటనవేలంత తెరిచారు. దీనికి తోడు దారిలో ఒక్క ప్యాకెట్ పోయినా టీసీపీ అక్కడ జామ్ అయిందనుకుని వేగం ఒక్కసారిగా దించుకుంటుంది, మళ్లీ మెల్లగా పెంచుకుంటూ వస్తుంది. దగ్గర్లో అయితే క్షణంలో కోలుకుంటుంది, దూరమైతే కోలుకునేలోపే ఇంకో ప్యాకెట్ పోతుంది.

అమెరికాలో పరిశోధన సంస్థలను కలిపే ఈఎస్‌నెట్ వాళ్లు 2013లో ఒక పేపర్లో రాశారు, వాళ్ల రౌటర్లో (డేటాకు దారి చూపే పెట్టె) ఒక కార్డు చెడిపోయి 22 వేల ప్యాకెట్లలో ఒక్కటి పడేస్తూ ఉంది. 22 వేలకు ఒకటి! ఏ అలారమూ మోగలేదు, కానీ దూరపు ట్రాన్స్‌ఫర్లన్నీ కుదేలైపోయాయి. అదే పేపర్లో వాళ్లు చెప్పిన పద్ధతికి సైన్స్ డీఎంజెడ్ అని పేరు. మెయిళ్లు, వెబ్‌సైట్లు, హాస్టల్ పిల్లల వీడియోలు అన్నీ పోయే ఫైర్‌వాల్ (వచ్చేపోయేవాటిని తనిఖీ చేసే కాపలా పెట్టె) గుండా పరిశోధన డేటాను పంపొద్దు, ఆ ఫైర్‌వాల్ వేలకొద్దీ చిన్న చిన్న కనెక్షన్లకు కట్టింది, ఒకే పెద్ద ప్రవాహం వస్తే దాని బఫర్ (ప్యాకెట్లను కాసేపు ఆపి ఉంచే జాగా) నిండి ప్యాకెట్లు పడేస్తుంది. అందుకని క్యాంపస్ గేటు దగ్గరే పెద్ద డేటాకు వేరే దారి తీసి, అక్కడ ట్రాన్స్‌ఫర్ పనికే ఒక సర్వర్ పెట్టి, దానికి ఎవరెవరు రావచ్చో రౌటర్లోనే లిస్టు రాసి కాపలా పెట్టాలి. కాపలా తీసేయమని కాదు, వేరే రకం కాపలా పెట్టమని. మా సెక్యూరిటీ చూసేవాళ్లతో దీని మీద మూడు మీటింగులు గట్టిగానే జరిగాయి. చివరికి ఆ సర్వర్లో మెయిల్ ఉండదు, బ్రౌజర్ ఉండదు, ట్రాన్స్‌ఫర్ ప్రోగ్రాం తప్ప ఏదీ నడవదు అని రాసిచ్చాక ఒప్పుకున్నారు. వాళ్ల భయమూ న్యాయమైనదే.

ట్రాన్స్‌ఫర్‌కు ఏం వాడాలి అంటే, మధ్యలో తెగితే ఆగిన చోటి నుంచి మొదలెట్టేది, చివర్లో చెక్‌సమ్ (ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి తీసే ఒక గుర్తు అంకె) చూసి రెండు వైపులా ఒకటే ఉందని చెప్పేది ఏదైనా సరే. ఆర్‌సింక్, ఆర్‌క్లోన్ అనే ప్రోగ్రాములు చాలు చాలా పనులకు. గ్లోబస్ అనేది ఉంటే ఇంకా హాయి, స్కాలర్ బటన్ నొక్కి ఇంటికి పోవచ్చు.

ఇక స్టోరేజ్. ఇక్కడ నేను చెప్పేదాంట్లో కొత్తదేమీ లేదు, కానీ లెక్క ముందే వేసుకోకపోతే అందరూ మోసపోతారు. 20 టీబీ డిస్కులు 12 కొంటే 240 టీబీ అనుకుంటాం. రెండు డిస్కులు ఒకేసారి పోయినా డేటా మిగలాలంటే రెండు డిస్కుల జాగా దానికే పోతుంది, 200. నిండా నింపితే వేగం పడిపోతుంది, 80 శాతం దగ్గర ఆగాలి, 160. అంటే ఇండెంట్లో (ఏం కొనాలో రాసిచ్చే కాగితం) 240 అని రాసి అందరికీ 240 పంచిపెడితే రెండో ఏడాదికే గొడవ. ఒక్క డిస్క్ పోతే ఎందుకు రెండింటికి రక్షణ అని అడుగుతారు. 22 టీబీ డిస్క్ చెడిపోతే కొత్తదాంట్లోకి మొత్తం మళ్లీ రాయడానికి, సెకనుకు 200 ఎంబీ చొప్పున ఆగకుండా రాసినా 30 గంటలు పడుతుంది. ఆ 30 గంటలు మిగతా డిస్కులన్నీ గస పోస్తూ పనిచేస్తుంటాయి, అన్నీ ఒకే లాట్‌లో కొన్నవి, ఒకే వయసువి. రెండోది పోయేది సరిగ్గా అప్పుడే.

ఇంత చేసినా అది బ్యాకప్ కాదు. క్యోటో యూనివర్సిటీలో 2021 డిసెంబర్‌లో ఏం జరిగిందో చూడండి. అది మామూలు చోటు కాదు, సూపర్‌కంప్యూటర్ సెంటర్. పాత లాగ్ ఫైళ్లను తీసేయాల్సిన స్క్రిప్టును అది నడుస్తుండగానే మార్చారు, అది దారి తప్పి 77 టీబీ, దాదాపు 3.4 కోట్ల ఫైళ్లు చెరిపేసింది. 14 పరిశోధన బృందాలు దెబ్బతిన్నాయి, నాలుగు బృందాల డేటా తిరిగి తేలేకపోయారు. డిస్కులన్నీ బాగానే ఉన్నాయి అప్పుడు, చెరపమని చెప్పింది కాబట్టి చెరిపాయి, అంతే.

అందుకని మా ప్లాన్లో మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట. ఆ వేరే చోట అన్నది చాలామంది పక్క గదితో సరిపెడతారు. 2023 జులై ఆఖరి వారం మరిచిపోయామా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, మోరంచపల్లి మునిగింది, వరంగల్ కాలనీల్లో నడుంలోతు నీళ్లు, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఇంత చూసిన ఊళ్లో సర్వర్ రూమ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో, అదీ మెట్ల కింద పెట్టాలని డ్రాయింగ్ గీసుకొచ్చారు. రెండో అంతస్తుకు మార్చేదాకా నేను సంతకం పెట్టలేదు. మే నెలలో ఏసీ ఆగితే గది ఎంత సేపట్లో ఎంత వేడెక్కుతుందో కూడా ఒక ఆదివారం ఏసీ ఆపి, థర్మామీటర్ పట్టుకుని కూర్చుని చూశాం. యూపీఎస్ సర్వర్లకే ఇచ్చి ఏసీకి ఇవ్వకపోతే కరెంటు పోయినప్పుడు సర్వర్లు నడుస్తూ నడుస్తూ ఉడికిపోతాయి. ఏసీ జనరేటర్ మీదకు రావాలి, లేదంటే సర్వర్లు వాటంతటవే ఆగిపోయేలా పెట్టాలి.

మూడో కాపీ ఎక్కడ అన్నదానికి నా దగ్గర ఒక కోరిక ఉంది. ఇది ఇంకా కోరికే. వరంగల్, హన్మకొండల్లో ఎన్ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ, హెల్త్ యూనివర్సిటీ ఉన్నాయి, వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అన్నీ కొద్ది కిలోమీటర్ల లోపే. ఇన్ని సంస్థలు తలా ఒక బాక్సు కొని తలా ఒక గదిలో పెట్టడం కంటే, ఒకరి కాపీ ఇంకొకరి దగ్గర ఉండేలా ఒప్పందం చేసుకుంటే ఎంత బాగుంటుంది. కాకతీయుల నాటి నుంచీ మన చెరువులు గొలుసుకట్టు కదా, పైచెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది, ఏ ఊరూ ఒంటరిగా చెరువు కట్టలేదు. పాకాల, రామప్ప, లక్నవరం ఎనిమిది వందల ఏళ్లుగా పారుతున్నాయంటే కట్ట రాళ్లు ఒక్కటే కారణం కాదు, ప్రతి తరంలో ఎవరో ఒకరు తూము చూసుకున్నారు. ఊరు మొత్తానికి ఒకేసారి ఆపద వచ్చే సంగతి కూడా ఉంది, అందుకని ఇంకో కాపీ హైదరాబాద్‌లోనో ఇంకా దూరంలోనో ఉండాల్సిందే. అది టేపు మీద ఉన్నా నాకు సంతోషమే. టేపు అంటే పాతకాలం అనుకుంటారు, ఎల్‌టీఓ-9 టేపు ఒక్కదాంట్లో 18 టీబీ పడుతుంది, బీరువాలో ఉంటే కరెంటు తినదు, వైరస్ దాన్ని ముట్టుకోలేదు.

క్లౌడ్ గురించి అందరూ అడుగుతారు. క్లౌడ్ మంచిదే, రెండు నెలల పనికి, బయటివాళ్లతో పంచుకోవడానికి వాడండి. కానీ చాలా కంపెనీల క్లౌడ్‌లో పెట్టడానికి ఒక లెక్క, తిరిగి బయటికి తీసుకోవడానికి ఇంకో లెక్క ఉంటుంది, ఆ రెండోది టెండర్ పోల్చేటప్పుడు ఎవరి కాగితంలోనూ కనబడదు. పైగా ప్రాజెక్టు గ్రాంటు మూడేళ్లకు అయిపోతుంది, క్లౌడ్ బిల్లు నాలుగో ఏడాది కూడా వస్తుంది.

ఈ గ్రాంటు సంగతే అసలు నన్ను తినేస్తోంది. పరికరం కొనడానికి డబ్బులు దొరుకుతాయి. దాన్ని ఐదేళ్లు చూసుకునే మనిషికి మాత్రం దొరకవు. ఇండెంట్లో ఆఖరి లైనులో "మెయింటెనెన్స్: ప్రస్తుత సిబ్బందితో" అని రాస్తారు, ప్రస్తుత సిబ్బంది అంటే నేనూ, ఇంకో కాంట్రాక్టు తమ్ముడూ. మా తాతకు ఊరు ప్రతి పంటకు ఇంత వడ్లని ఇచ్చేది. ఆయకట్టు కింద ఉన్న ప్రతి రైతూ కొలిచి ఇచ్చేవాడు, పెద్దరైతూ చిన్నరైతూ అని లేకుండా. అందుకే ఆయన ఎవరి చేను ముందు తడవాలో ఎవరికీ భయపడకుండా చెప్పగలిగాడు, నడిరాత్రి వాన పడితే లాంతరు పట్టుకుని కట్ట మీదికి వెళ్లగలిగాడు. నేను కమిటీకి రాసిచ్చింది అదే, ప్రతి ప్రాజెక్టు నుంచి మొదట్లోనే కొంత భాగం స్టోరేజ్ నిధికి రావాలి, దాంతో ఇద్దరు మనుషులు, ఐదో ఏట కొత్త డిస్కులు. బాక్సు సైజు తగ్గించినా ఫర్వాలేదు, ఆ ఇద్దరిని తగ్గించొద్దు అన్నాను. ఫైలు ఇంకా తిరుగుతోంది.

పూడిక గురించి కూడా చెప్పాలి. డేటా పెట్టడం మొదలైతే ఎవరూ తీయరు. "ఫైనల్", "ఫైనల్ న్యూ", "ఫైనల్ న్యూ 2" అని మూడు ఫోల్డర్లు, మూడింట్లో ఒకే ఫైళ్లు, తీసేయొచ్చా అంటే పెట్టినవాడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. మేం పెట్టుకున్న పద్ధతి, ప్రతి ఫోల్డర్‌కు ఇద్దరి పేర్లు ఉండాలి, ఒకరు స్కాలర్, ఒకరు పర్మనెంట్ టీచర్. లోపల ఒక మామూలు టెక్స్ట్ ఫైల్, అందులో ఎప్పుడు, ఎక్కడ, ఏ పరికరంతో, ఏ సెట్టింగులో తీశారో మామూలు తెలుగులోనో ఇంగ్లీషులోనో నాలుగు లైన్లు. ఏడాదికోసారి కూర్చుని చూడటం. ముడి డేటా ఉంచాలి, మళ్లీ లెక్కవేసి తెచ్చుకోగలిగినవి తీసేయొచ్చు. రోగుల వివరాలున్న డేటా అయితే పేర్లు, నంబర్లు తీసేయకుండా ఉమ్మడి చోటికి రానివ్వం, 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది, దానికంటే ముందు ఆ రోగి మనల్ని నమ్మి ఇచ్చాడన్నది ఉంది.

ఇంకో చిన్న విషయం, చిన్న ఫైళ్లు. డ్రోన్ కెమెరా ఒక్క క్లిక్‌కు ఐదు రంగుల్లో ఐదు ఫైళ్లు రాస్తుంది, ఒక్క చేనుకు వేల ఫైళ్లు. వాటిని ఒక్కొక్కటిగా కాపీ చేస్తే ఎంత పెద్ద లైనైనా నత్తనడకే, ప్రతి ఫైలుకూ తెరవడం మూయడం సరిపోతుంది. ఒక రోజు ఎగిరినవన్నీ కలిపి ఒకే టార్ ఫైల్ చేసి పంపితే తేడా కళ్లారా చూడొచ్చు.

డబ్బులు వచ్చేదాకా ఆగకుండా, ఉన్న పాత సర్వర్లో ఎనిమిది డిస్కులు వేసి, జెడ్‌ఎఫ్‌ఎస్ అని డిస్కులన్నింటినీ కలిపి చూసుకునే సాఫ్ట్‌వేర్‌తో రెండు డిస్కుల రక్షణ పెట్టి, ఒక ట్రయల్ మొదలుపెట్టాం. ప్రతి గంటకూ స్నాప్‌షాట్ పడుతుంది, పొరపాటున చెరిపినా గంట కిందటిది దొరుకుతుంది. పక్క బ్లాకులో ఇంకో పాత మిషన్, రాత్రి పూట దాంట్లోకి రెండో కాపీ, పొద్దున టేపు మీదికి మూడోది. మూడు డిపార్ట్‌మెంట్లకు ఫైబర్ లాగాం, ఒకచోట డక్టులో వాన నీళ్లు నిండి తాడు కుళ్లిపోయి ఉంటే రెండు రోజులు తోడాల్సి వచ్చింది. తెలుగు శాఖ సార్ బీరువాలోని వీడియోలు ఇప్పటికి సగం ఎక్కాయి.

మిరప స్కాలర్ కూడా ఆగలేదు. ఆగస్టులో నాట్లు వేశాక మళ్లీ అదే రైతు దగ్గరికి వెళ్లి అడిగాడు, ఆయన సరేనన్నాడు. మొన్న శనివారం ఈ సీజన్‌లో మొదటిసారి ఎగరేశారు. సాయంత్రం నేరుగా ల్యాబ్‌కు వచ్చి, కార్డులోంచి తీసి, టార్ చేసి సర్వర్‌కు పంపాడు. 180 జీబీ, 27 నిమిషాలు పట్టింది. నేను నా స్క్రీన్ మీద చూస్తూనే ఉన్నాను, ఫోల్డర్ పేరులో తేదీ, చేను సర్వే నంబరు, డ్రోన్ ఎంత ఎత్తులో ఎగిరిందో అన్నీ రాశాడు.

రాత్రి పదిన్నరకు ఫోన్ చేశాడు. "అన్నా, రెండో కాపీ పడ్డదా?"

చెక్‌సమ్ రెండు వైపులా సరిపోయిందని చెప్పాను. "అయితే కార్డు ఖాళీ చేయాల్నా?" అన్నాడు. వద్దు, రేపు పొద్దున మూడోది కూడా టేపు మీదికి ఎక్కనీ, అప్పుడు చేద్దువు అన్నాను.